డిజైన్ కన్సల్టెన్సీని ఎంచుకునేటప్పుడు వ్యవస్థాపకుల పూర్వ వృత్తి చూడాలా?

సాఫ్ట్‌వేర్‌నూ పరికరాలనూ వాడేవారి అవసరాలను బట్టి రూపొందిస్తామని చెప్పే ఒక కన్సల్టెన్సీకి పని అప్పగించబోతున్నామనీ, దాని వ్యవస్థాపకులలో ఒక్కరికీ డిజైన్ పట్టా లేకపోవడాన్ని లోపంగా భావించాలా అనీ మీరు అడిగారు. నేను మొదట అలాంటి సంస్థలో యూజర్ రీసెర్చర్‌గా పనిచేశాను. తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున అలాంటి సంస్థలకు పని అప్పగించే బాధ్యత చూశాను. నా అభిప్రాయంలో పట్టా లేకపోవడం లోపం కాదు. కానీ ఆ వ్యవస్థాపకులు అంతకుముందు ఏ పని చేసేవారో తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే సంస్థ మీ చేతిలో పెట్టే ప్రతిదానిలోనూ ఆ పాత వృత్తి ముద్ర ఉంటుంది.

ఈ రంగంలో పేరున్నవారినే చూడండి. 1998లో జాకబ్ నీల్సన్‌తో కలిసి నీల్సన్ నార్మన్ గ్రూప్‌ను స్థాపించిన డాన్ నార్మన్ మొదట ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1962లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొంది, చాలాకాలం విశ్వవిద్యాలయంలో బోధించాక 1993లో ఆపిల్‌లో చేరారు. నీల్సన్ మనుషులు కంప్యూటర్లను వాడే తీరుపైనే డెన్మార్క్‌లో డాక్టరేట్ చేసి, తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఇంజనీరుగా ఉన్నారు. వారిద్దరి సంస్థ అందమైన తెరల కంటే పరిశోధన నివేదికలకూ శిక్షణకూ ప్రసిద్ధి కావడంలో ఆశ్చర్యం లేదు. 1992లో తన కన్సల్టెన్సీని మొదలుపెట్టిన అలన్ కూపర్ అయితే పూర్తిగా ప్రోగ్రామర్. విజువల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ సాధనానికి మూలమైన నమూనాను 1988లో మైక్రోసాఫ్ట్‌కు అమ్మినవాడు. ఒక ఊహాత్మక వినియోగదారుడికి పేరూ లక్ష్యాలూ ఇచ్చి అతని కోసమే రూపొందించే పర్సోనా పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే.

అందరికంటే నాకు ఆసక్తి కలిగించేది బిల్ మోగ్రిడ్జ్. లండన్‌లో పారిశ్రామిక డిజైన్ చదివిన ఆయన, 1982లో మార్కెట్లోకి వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే తొలితరం ల్యాప్‌టాప్‌కు రూపమిచ్చారు. తీరా దాన్ని స్వయంగా వాడడం మొదలుపెట్టాక, తన ధ్యాసంతా తెర మీది సాఫ్ట్‌వేర్ పైనే ఉంటోందనీ, తాను అంత శ్రమించి మలచిన పెట్టె అసలు గుర్తుకే రావడం లేదనీ గమనించి, డిజైనర్ బిల్ వెర్‌ప్లాంక్‌తో కలిసి, సాఫ్ట్‌వేర్‌తో మనిషి వ్యవహరించే తీరును రూపొందించే ఆ కొత్త పనికి ఇంటరాక్షన్ డిజైన్ అని పేరు పెట్టారు. 1991లో ఆయన సంస్థ, బోయింగ్‌లో ఇంజనీరుగా పనిచేసి వచ్చిన డేవిడ్ కెల్లీ సంస్థ, మైక్ నటాల్ సంస్థ కలిసి ఐడియో అనే డిజైన్ కన్సల్టెన్సీగా ఏర్పడ్డాయి.

ఒకే వృత్తి నుంచి వచ్చినవారి కంటే వేర్వేరు వృత్తులవారు కలిసి పెట్టిన సంస్థలవైపే నేను మొగ్గు చూపుతాను. కారెన్ హోల్ట్‌జ్‌బ్లాట్ మనస్తత్వశాస్త్రం నుంచి, హ్యూ బేయర్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చి 1992లో ఇన్‌కాంటెక్స్ట్‌ను స్థాపించారు. మనుషులను వారి పనిచోటే, పని చేస్తుండగానే గమనించే పద్ధతికి వారు పేరు తెచ్చారు. నేను పనిచేసిన చిన్న సంస్థలోనూ ఇలాంటి జంటే ఉండేది. ఒక ఫారంలో ఒకే గడి దగ్గర చాలామంది ఆగిపోతుంటే, మనస్తత్వశాస్త్రం చదివినావిడ వారి తటపటాయింపుకు కారణం వెతికేవారు. ప్రోగ్రామర్‌గా చేసినాయన ఆ వివరం డేటాబేస్‌లో ఉండగా మళ్లీ ఎందుకు అడుగుతున్నారని నిలదీసేవారు. ఆ వాదన ముగిసేసరికి చాలాసార్లు గడే ఉండేది కాదు.

దీనికి భిన్నంగా, పని అప్పగించే వైపు ఉన్నప్పుడు, వ్యవస్థాపకులందరూ ప్రకటనల రంగం నుంచే వచ్చిన ఒక సంస్థ మా ముందుకు వచ్చింది. బటన్ల మీది మాటలు క్లుప్తంగా, స్పష్టంగా ఉన్నాయి; అంత బాగా మేము రాయలేం. అయితే చెల్లింపు మధ్యలో నెట్‌వర్క్ పోతే వాడుతున్న మనిషికి ఏం కనిపిస్తుందని అడిగితే, వారు తెచ్చిన తెరలలో దానికి సంబంధించినది ఒక్కటీ లేదు. అన్నీ సవ్యంగా సాగిన దారినే వారు గీశారు.

కాబట్టి మీరు కలవబోయే వ్యవస్థాపకులను పట్టా గురించి కాకుండా, వాడేవారిని చూశాక తమ ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టిన సందర్భం ఒకటి వివరంగా చెప్పమనండి. తమకు రాని పనిని సంస్థలో ఎవరు చూస్తారో, డిజైన్‌ను ఆపమనే అధికారం ఆ వ్యక్తికి ఉందో లేదో కూడా అడగండి. సంస్థ పెద్దదైతే వ్యవస్థాపకులు మీ ప్రాజెక్టు ముఖం కూడా చూడకపోవచ్చు. అప్పుడు ఇవే ప్రశ్నలు మీ పనికి నాయకత్వం వహించబోయే వ్యక్తిని, ఒప్పందంపై సంతకం చేయకముందే, అడగడం మంచిది.