ఏడాదిన్నర బాబుకి చెవిపోటు: ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు

మీ ప్రశ్న ఇదీ: బాబుకి ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. రెండు రోజులుగా జలుబు, నిన్న రాత్రి నుంచి చెవి పట్టుకుని ఏడుస్తున్నాడు, జ్వరం 103. ఎల్బీ నగర్‌లో మీ వీధి మెడికల్ షాపువాళ్లు అజిత్రోమైసిన్ సిరప్, చెవి చుక్కలు ఇచ్చారు, వాడొచ్చా అని. డాక్టరు చెవిలోకి చూసేదాకా ఆ రెండూ పక్కన పెట్టండి.

ఇలాంటి చెవిపోటులో చీము ఉండేది కర్ణభేరి వెనక. ఆ పొర బాగానే ఉంటే చుక్కలు దాని ముందే ఆగిపోతాయి, చీము దాకా చేరవు. పొర చిల్లుపడి చెవి కారుతుంటే మాత్రం చుక్కలు పనిచేస్తాయి, కానీ అవి సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఆఫ్లాక్సాసిన్ అయి ఉండాలి. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి లోపలి చెవిలోకి దిగితే వినికిడి దెబ్బతినొచ్చు. గులిమి కరిగించే చుక్కలు, వెల్లుల్లి వేసి కాచిన నూనె అసలే వద్దు. అజిత్రోమైసిన్ మూడు రోజుల్లో అయిపోతుందని చాలామందికి ఇష్టం. కానీ చెవిలో చీముకి ముఖ్య కారణాల్లో ఒకటైన న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా చాలాచోట్ల దానికి లొంగడం లేదు.

రెండేళ్లలోపు పిల్లాడు, జ్వరం 102.2 దాటింది కాబట్టి, డాక్టరు ఒటోస్కోప్‌తో (చెవి లోపల చూసే పరికరం) చూసి కర్ణభేరి ఉబ్బిందంటే యాంటీబయోటిక్ వెంటనే మొదలుపెట్టాల్సిందే. మొదటి మందు అమాక్సిసిలిన్. కిలోకి రోజుకి 80 నుంచి 90 మి.గ్రా., రెండు పూటలుగా. మీ బాబుకి పూటకి 400 నుంచి 450 మి.గ్రా., అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే పూటకి 8 నుంచి 9 మి.లీ. రెండేళ్లలోపు వాళ్లకి 10 రోజులు. గత నెల రోజుల్లో అమాక్సిసిలిన్ వాడి ఉన్నా, కళ్లు కూడా ఎర్రబడి పుసి కడుతున్నా క్లావులనేట్ కలిసినది రాస్తారు. 400/57 రకమైతే (5 మి.లీ.లో అమాక్సిసిలిన్ 400, క్లావులనేట్ 57 మి.గ్రా.) పూటకి 5 మి.లీ. దాంతో విరేచనాలు ఎక్కువ, అందుకే అన్నం మొదటి ముద్దతో పట్టండి. ఇవి పెన్సిలిన్ రకం మందులే, గతంలో పెన్సిలిన్‌తో ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పండి, వేరే మందు రాస్తారు.

ఈ లెక్క మీ చీటీ సరిచూసుకోవడానికే, సొంతంగా కొని పట్టడానికి కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది సీసా దగ్గర. ఆ 400/57 సీసా 30 మి.లీ.ది అయితే, రోజుకి 10 మి.లీ. చొప్పున మూడు రోజులకే ఖాళీ. అప్పటికి జ్వరం తగ్గి ఉంటుంది, కోర్సు అయిపోయిందనుకుంటారు. 10 రోజులకి నాలుగు సీసాలు కావాలి, ముందే తెచ్చుకోండి, కానీ లోపలి పొడిలో నీళ్లు ఒక్కోటీ అవసరమైనప్పుడే పోసి కలపండి. ముందు సీసాని అరచేతికేసి తట్టి అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు సీసా మీది గీతకి సగం దాకా పోసి బాగా ఊపండి, తర్వాత గీత దాకా నింపి మళ్లీ ఊపండి. నురగ దిగాక నీటిమట్టం గీతకంటే తగ్గుతుంది, ఇంకాస్త పోయాలి. ఒకేసారి పోస్తే పొడి ఉండకట్టి, మొదటి డోసులు పలచగా, చివరివి చిక్కగా వస్తాయి. కలిపాక ఫ్రిజ్‌లో పెట్టండి, ప్రతిసారీ ఊపండి, వారం దాటితే పారేయండి. కొలతకి ఇంటి చెంచా కాదు, సూది లేని సిరంజి వాడండి.

యాంటీబయోటిక్ మొదటి రోజే నొప్పి తగ్గించదు. ఆ పని పారాసిటమాల్‌ది: కిలోకి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగు సార్లు మించకుండా. మీ బాబుకి 150 మి.గ్రా. 250 సిరప్ (5 మి.లీ.లో 250 మి.గ్రా.) అయితే 3 మి.లీ., 120 సిరప్ (5 మి.లీ.లో 120 మి.గ్రా.) అయితే 6 మి.లీ., చుక్కల సీసా (మి.లీ.కి 100 మి.గ్రా.) అయితే 1.5 మి.లీ. మాత్రమే. చుక్కల మందుని సిరప్ అనుకుని 6 మి.లీ. పట్టేస్తే నాలుగు రెట్లు వెళ్లిపోతుంది, లేబుల్ చదవందే మూత తీయొద్దు. ఐబూప్రోఫెన్ కూడా బాగా పనిచేస్తుంది, కానీ వానాకాలంలో మన ఊళ్లో డెంగీ కాదని తేలేదాకా దాని జోలికి వెళ్లకండి, రక్తస్రావం ప్రమాదం. జలుబు సిరప్‌లు చెవికి ఏమీ చేయవు. ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు చాలు.

48 నుంచి 72 గంటల్లో జ్వరం, నొప్పి తగ్గకపోతే మందు మార్చాలి, మళ్లీ చూపించండి. చెవి వెనక ఎర్రగా వాచి చెవి ముందుకి తోసుకొచ్చినా, మూతి వంకర పోయినా, మెడ బిగుసుకున్నా, పిల్లాడు మగతగా ఉన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రెండూ ప్రభుత్వానివే.

కోర్సు అయ్యాక కూడా కర్ణభేరి వెనక నీరు కొన్ని వారాలు నిలుస్తుంది. పిలిస్తే సరిగ్గా పలకకపోవచ్చు. దానికి మళ్లీ యాంటీబయోటిక్ అక్కర్లేదు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే వినికిడి పరీక్ష చేయించండి.