ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే ఏం చెప్పాలి?

అక్కా, పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివే మీ అమ్మాయిని ఒక అబ్బాయి తన ఫోన్ పాస్‌వర్డ్, ఫొటోలు ఇమ్మని అడుగుతున్నాడని, స్నేహితురాళ్లు "ప్రేముంటే ఇవ్వవా" అని ఎక్కిస్తున్నారని రాశారు. ముందు ఫోన్ మాత్రం లాక్కోకండి. మా ఇంట్లో నేను చేసిన తప్పు అదే, ఏడాది మాటల్లేవు.

"వద్దు" అనేది చిన్న మాటే గానీ నలుగురి మధ్య నోటికి రాదు. ఇంట్లోనే మీ ముందు అమ్మాయి చేత ఇలా అనిపించండి: "నాకిష్టం లేదు, మళ్లీ అడగకు." కారణం చెప్పక్కర్లేదు, చెబితే వాదన మొదలవుతుంది. మరీ ఇరుక్కుంటే నెపం మీ మీద వేయమనండి: "మా అమ్మ రోజూ నా ఫోన్ చూస్తుంది." ముందే ఇద్దరూ ఒక గుర్తు అనుకోండి: బయట ఇబ్బందైతే మీకు ఉత్త చుక్క మెసేజ్ పెడుతుంది, అది చూడగానే మీరు ఫోన్ చేసి "అర్జెంటుగా ఇంటికి రా" అనాలి.

ఫొటో ఇప్పటికే పంపేసి ఉంటే తిట్టకండి. బెదిరింపు మెసేజ్‌లు చెరపకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, సైబర్ హెల్ప్‌లైన్ 1930కి గానీ చేయండి.