ఏది వదులుకుంటారో అడుగు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అభివృద్ధి ప్రాధాన్యాల మీదా, విదేశీ సాయం మీదా మీరు చేయబోయే ప్రజాభిప్రాయ సర్వే కోసం నువ్వు పంపిన ప్రశ్నావళి రెండుసార్లు చదివాను. బాగానే కష్టపడ్డావు. కానీ మొదటి పేజీలోనే ఎర్ర పెన్ను తీయాల్సి వచ్చింది. "దేశాభివృద్ధికి విద్య ఎంత ముఖ్యం? చాలా ముఖ్యం, కొంత ముఖ్యం, ముఖ్యం కాదు" అని మొదలుపెట్టి, అదే వరసలో వైద్యం, రోడ్లు, కరెంటు, తాగునీరు, ఉద్యోగాలు, సాగు, అవినీతి అంటూ పన్నెండు అంశాలు అడిగావు. ఫలితం నేను ఇంట్లో కూర్చునే చెప్పగలను. పన్నెండూ చాలా ముఖ్యమే. తాగునీరు ముఖ్యం కాదని ఏ మనిషి అంటాడు చెప్పు? చివరికి నీ చేతిలో మిగిలేది ఒకదానికి 94 శాతం, ఇంకోదానికి 92 శాతం అన్న లెక్క. ఆ రెండు శాతం తేడా పట్టుకుని బార్ చార్టు గీసి, "ప్రజల ప్రాధాన్యాలు" అని అట్ట మీద అచ్చేస్తారు. అలాంటి నివేదికలతో అలమరలు నిండిపోవడం నేను చూశాను.

ఖజానాకి హద్దుంది కాబట్టే ప్రాధాన్యాల గొడవ వచ్చింది. ఆ హద్దు జవాబు చెప్పేవాళ్లకి కూడా తగలాలి. ఏది వదులుకుంటారో అడగని సర్వేకి కోరికల చిట్టా దొరుకుతుంది, అంతకు మించి దొరకదు. ఈ ఒక్క సంగతి ప్రశ్నావళి అంతటా గుర్తుపెట్టుకుంటే నేను పెట్టిన ఎర్ర గీతల్లో సగం వాటంతటవే పోతాయి.

ఐక్యరాజ్యసమితి 2013 నుంచి 2015 దాకా నడిపిన 'మై వరల్డ్' సర్వే సంగతి నీకు తెలిసే ఉంటుంది. 16 అంశాలిచ్చి ఆరే ఎంచుకోమన్నారు. దాదాపు 97 లక్షల మంది ఓటేశారు. మంచి చదువు అన్నిటికంటే పైన నిలిచింది, వాతావరణ మార్పు మీద చర్యలు అట్టడుగున పడ్డాయి. ఆరే అన్న హద్దు పెట్టడం వల్లే ఆ వరస బయటికొచ్చింది. అక్కడిదాకా బాగానే ఉంది. వాతావరణం గురించి జనానికి పట్టదని దాన్నిబట్టి రాసినవాళ్లు మాత్రం తొందరపడ్డారు. చదువు, వైద్యం, ఉద్యోగం పక్కన నిలబెడితే అది ఓడిపోయింది, అంతే. పైగా ఆ ఓట్లు వాలంటీర్లు పోగుచేసినవీ, ఇంటర్నెట్‌లో ఎవరికి వారు వేసినవీ. కొన్ని దేశాల నుంచి లక్షల్లో వచ్చాయి, కొన్నిచోట్ల నుంచి పేరుకి వచ్చాయి. అది ప్రచారోద్యమంగా గొప్పదే, శాంపిల్ సర్వే మాత్రం కాదు.

సంఖ్య చూసి మోసపోవద్దని చెప్పడానికి మన వృత్తిలో 1936 నాటి అమెరికా పత్రిక 'లిటరరీ డైజెస్ట్' కథ ఎలాగూ ఉంది. కోటి బ్యాలట్లు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెచ్చుకుని, అమెరికా అధ్యక్షుడిగా లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాల నుంచి ఎక్కువగా పేర్లు తీసుకోవడం ఒక తప్పు. పట్టుదల ఉన్నవాళ్లే తిరిగి జవాబు రాయడం, బహుశా అంతకంటే పెద్ద తప్పు. ఈ రెండో తప్పు ఇవాళ్టి ఆన్‌లైన్ సర్వేల్లో హాయిగా బతికే ఉంది.

ఇక నీ మొదటి పేజీ సంగతి. ముందు ఏ జాబితా చూపించకుండా అడుగు. ఆఫ్రికా దేశాల్లో ప్రజాభిప్రాయ సర్వేలు చేసే, 1999లో మొదలైన ఆఫ్రోబారోమీటర్ ఏళ్లుగా చేస్తున్న పని అదే. దేశం ఎదుర్కొంటున్న సమస్యల్లో ప్రభుత్వం పట్టించుకోవాల్సిన ముఖ్యమైనవి ఏవని అడిగి, మూడు జవాబుల దాకా రాసుకుంటారు. జాబితా చూపించాక ఈ ప్రశ్న అడిగావంటే మన మాటలే మనకి తిరిగొస్తాయి. దీనికి చాకిరీ ఎక్కువ, ఒప్పుకుంటాను. ఎవరైనా "నీళ్లు" అన్నారనుకో, తాగడానికా, పొలానికా అని అక్కడికక్కడే అడిగి రాయమని ఇంటింటికీ తిరిగే ఇన్వెస్టిగేటర్లకు చెప్పు. ఆఫీసుకొచ్చాక ఎవరూ తేల్చలేరు. జవాబుల్ని రకాలవారీగా విడగొట్టే కోడింగ్ ఇద్దరు విడివిడిగా చేయాలి, తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకోవాలి.

తర్వాత కార్డులు. నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముకున్న పద్ధతి ఇది. ఎనిమిది కార్డులు చాలు, పన్నెండు వద్దు. చదవలేనివాళ్ల కోసం ఒక్కోదాని మీద బొమ్మ ఉండాలి. ప్రతి ఇంటర్వ్యూకీ కలిపి పరచాలి. కంటితో చూసే జాబితాలో మొదటి వాటికీ, చెవితో వినే జాబితాలో చివరి వాటికీ మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గు పోవడానికే ఈ కలపడం. "వచ్చే ఐదేళ్లలో వీటిలో నాలుగింటికే డబ్బుంది, ఆగగలిగినవి తీసి పక్కన పెట్టండి" అని చెప్పి ఊరుకోవాలి. మొదటి రెండు కార్డులు చకచకా వెళ్లిపోతాయి. మూడోదాని దగ్గర చెయ్యి ఆగుతుంది. అసలు సర్వే అక్కడ మొదలవుతుంది. ఒక పెద్దావిడ ఆసుపత్రి కార్డునీ రోడ్డు కార్డునీ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి ఆసుపత్రి కార్డు పక్కన పెట్టేసి, "రోడ్డుంటే ఉన్న ఆసుపత్రికే పోతాం కదా" అంది. టేబుల్‌లో చూస్తే వైద్యానికి ఒక ఓటు పోయింది, రోడ్లకి ఒకటి వచ్చింది. ఆవిడ అడిగింది వైద్యమే. అందుకని పక్కన పెట్టిన ఆఖరి కార్డుకి కారణం ఆ మనిషి మాటల్లోనే ఒక్క వాక్యం రాయించు. ఆ వాక్యాలు నీ శాతాలకంటే మంత్రిత్వ శాఖ వాళ్లకి ఎక్కువ పనికొస్తాయి.

నీ పైవాళ్లు పన్నెండు అంశాలూ ఉండాల్సిందేనని పట్టుబడితే, నాలుగేసి చొప్పున చూపించి అందులో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి, అన్నిటికంటే తక్కువది ఒకటి చెప్పమను. పది బిళ్లలిచ్చి పంచమనే పద్ధతి కూడా ఉంది గానీ, చాలామంది మొహమాటానికి దాదాపు అన్నిటికీ తలోటి వేసేస్తారు.

ఇప్పుడు విదేశీ సాయం. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ నాలుగో పేజీయే.

విదేశీ సాయం మీద చాలామందికి ముందే ఏర్పడిన అభిప్రాయం ఉండదు. మనం అడిగామని అప్పటికప్పుడు ఒకటి తయారు చేసి ఇస్తారు. అమెరికాలోని సిన్సినాటిలో జార్జ్ బిషప్ అనే పరిశోధకుడి బృందం అసలు లేనే లేని '1975 పబ్లిక్ అఫైర్స్ యాక్ట్' గురించి జనాన్ని అడిగితే, మూడింట ఒక వంతు మంది దాకా ఏదో ఒక అభిప్రాయం చెప్పారు. కాబట్టి "దీని గురించి ఆలోచించలేదు" అనే జవాబుని గౌరవంగా, గట్టిగా చదివి వినిపించు. ఆ శాతం ఎక్కువొస్తే దాచుకోవద్దు, నివేదికలో ముందే చెప్పు.

సాయం ఇచ్చే దేశాల్లో ఇంకో చిక్కుంది. అమెరికాలో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వేల్లో, ఫెడరల్ (కేంద్ర) బడ్జెట్‌లో విదేశీ సాయం ఎంత ఉంటుందని అడిగితే జనం చెప్పిన సగటు 25 శాతం పైనే ఉంది. అసలుది అప్పట్లో 1 శాతం దరిదాపుల్లో. ఆ సంగతి చెప్పి మళ్లీ అడిగితే "మరీ ఎక్కువ ఇస్తున్నాం" అనేవాళ్లు ఇంచుమించు సగానికి తగ్గిపోయారు. అంటే మొదటి జవాబు సాయం మీద కాదు, వాళ్ల మనసులో ఉన్న 25 శాతం మీద. అలాగని వెంటనే ప్రశ్నకు ముందు లెక్కలు కూరేయకు. ఏ లెక్క చెప్పావన్నదే జవాబుని ఒక పక్కకి తోస్తుంది. బడ్జెట్‌లో 1 శాతమే అంటే ఒక రకంగా వింటారు. ఐక్యరాజ్యసమితి 1970లో జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని లక్ష్యం పెట్టింది, 2023లో సంపన్న దేశాలన్నీ కలిపి ఇచ్చింది 0.37 శాతమే అంటే ఇంకో రకంగా వింటారు. రెండూ నిజాలే. శాంపిల్‌ని రెండుగా విడగొట్టి, సగం మందిని ఏమీ చెప్పకుండా, సగం మందిని లెక్క చెప్పి అడుగు. రెండు ఫలితాలూ పక్కపక్కన అచ్చెయ్యి.

తీసుకునే దేశంలో అయితే అప్పుకీ గ్రాంటుకీ తేడా లేకుండా "సాయం" అని అడగడం పెద్ద పొరపాటు. ప్రపంచ బ్యాంకు గొడుగు కిందే ఉన్న రెండు సంస్థల్లో ఐబీఆర్‌డీ ఇచ్చేది మార్కెట్‌కి దగ్గరి వడ్డీకి అప్పు. 1960లో ఏర్పడిన ఐడీఏ పేద దేశాలకు నామమాత్రపు వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇస్తుంది, కొన్నింటికి గ్రాంట్లూ ఇస్తుంది. జనానికి ఈ పేర్లతో పని లేదు. "తిరిగి కట్టాల్సిన డబ్బు", "తిరిగి కట్టక్కర్లేని డబ్బు" అని విడగొట్టి అడిగితే ఎవరికైనా అర్థమవుతుంది. ఇక్కడ కూడా వదులుకోవడమే అడగాలి. బయటి అప్పు తెచ్చుకుని ఈ ఏడాదే రోడ్డు వేసుకుందామా, సొంత పన్నులతో ఆరేళ్లు ఆగుదామా? ఇచ్చేవాళ్ల షరతులు ఒప్పుకుని ఎక్కువ తీసుకుందామా, షరతుల్లేకుండా తక్కువ తీసుకుందామా? 2005 పారిస్ ప్రకటనలో దాతలే ఒప్పుకున్నారు, ప్రాధాన్యాలు తీసుకునే దేశమే నిర్ణయించుకోవాలని. ఆ దేశమంటే ఆర్థిక శాఖ ఒక్కటే కాకూడదనుకుంటే ఇలాంటి ప్రశ్నలు తప్పవు.

నీ 14వ ప్రశ్న, "విదేశీ సాయం పారదర్శకంగానూ సమర్థంగానూ ఖర్చవుతోందని భావిస్తున్నారా" అన్నది, తీసేయి. రెండు ప్రశ్నలు ఒకదానిలో ఇరికించావు, రెండిటికీ జవాబు ఆడిట్ వాళ్ల దగ్గర ఉంటుంది గానీ గుమ్మంలో నిలబడ్డ మనిషి దగ్గర ఉండదు. వాళ్ల ఊళ్లో ఏదైనా బోరో, బడో విదేశీ డబ్బుతో వచ్చిందా, అది ఇప్పుడు పనిచేస్తోందా అని అడుగు. అది కళ్లతో చూసి చెప్పగలరు.

మాటల ఎంపిక గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి గుర్తుంచుకో. 1941లో అమెరికా పరిశోధకుడు డొనాల్డ్ రగ్ అచ్చువేసిన ఫలితం ఇది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ప్రసంగాలు "అనుమతించాలా" అని అడిగితే, అభిప్రాయం చెప్పినవాళ్లలో 75 శాతం వద్దన్నారు. "నిషేధించాలా" అంటే 54 శాతమే అవునన్నారు. సాయం "ఆపేయాలా", "కొనసాగించాలా" అన్నది కూడా అలాంటి జంటే. ఒకటే పట్టుకుని కూర్చోకు, సగం సగం వాడు.

మీ టీమ్ ఎవరి తరఫున వచ్చిందని జనం అనుకుంటున్నారు? ఇది కొత్తవాళ్లు ఎప్పుడూ అడగరు. ఆఫ్రోబారోమీటర్ ఇంటర్వ్యూ చివర్లో, "మమ్మల్ని ఎవరు పంపారనుకుంటున్నారు" అని అడుగుతుంది. స్వతంత్ర సంస్థ అని ముందే చెప్పినా, ప్రభుత్వమే పంపిందని చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు. అలా అనుకున్నవాళ్లు అన్నీ బాగున్నాయనొచ్చు, లేదా పథకం వస్తుందేమోనని కష్టాలన్నీ ఏకరువు పెట్టొచ్చు. దాత సంస్థ లోగో ఉన్న టోపీలూ సంచులూ ఫీల్డుకి పంపొద్దు. వాళ్ల బండి ఎక్కొద్దు. ఈ సర్వే వల్ల ఇంటికి ఏమీ రాదని సమ్మతి అడిగేటప్పుడే చెప్పించు. కొందరు తలుపేసుకుంటారు, వేసుకోనీ. నువ్వూ ఆ చివరి ప్రశ్న పెట్టుకుని, ప్రభుత్వం పంపిందన్నవాళ్లనీ, దాత పంపాడన్నవాళ్లనీ, మిగతావాళ్లనీ విడివిడిగా చూడు.

శాంపిల్ 1,200 అన్నావు, చాలు. కానీ 60 ఊళ్లలో ఊరికి 20 మంది అని రాశావు. ఖర్చు తగ్గుతుంది నిజమే. ఒక ఊళ్లో రోడ్డు లేకపోతే ఆ 20 మందికీ రోడ్డే లేదు, 20 మంది జవాబులూ ఒకలాగే ఉంటాయి. ఒకే ఊరివాళ్ల జవాబుల పోలిక (అసలు లేకపోతే 0, అచ్చం ఒకటే అయితే 1) 0.05 మాత్రమే అనుకున్నా, నీ 1,200 దాదాపు 615తో సమానమైపోతుంది, 3 శాతం దగ్గర ఉండాల్సిన పొరపాటు హద్దు 4 దాకా పెరుగుతుంది. ఊరికి 8 మంది చొప్పున 150 ఊళ్లు తిరిగితే అదే 1,200 దాదాపు 890కి సమానం. ఇంట్లో ఎవరిని అడగాలన్నది ఇన్వెస్టిగేటర్ ఇష్టానికి వదలకు. ఇంట్లో ఒకరిని ఎంచడానికి గణాంకవేత్త కిష్ 1949లో ఇచ్చిన పట్టిక ఇప్పటికీ పనిచేస్తుంది, ట్యాబ్‌లో పెడితే ఇంకా సులువు. వదిలేస్తే తలుపు తీసిన మగాడే ఇంటిల్లిపాదికీ జవాబు చెప్పేస్తాడు. ఒక ఇంట్లో మగవాళ్లైతే తర్వాతి ఇంట్లో ఆడవాళ్లని అడగాలన్న నియమం పెట్టు. నీళ్ల కార్డు ఎవరి చేతిలో ఎంతసేపు నిలుస్తుందో అప్పుడు నీకే కనిపిస్తుంది.

ఇంకొకటి. అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, విలేకరులు, వ్యాపారులతో చేసే 200 మంది సర్వేని మీ ప్రాజెక్టులో "ప్రజాభిప్రాయం" పేరుతోనే కలిపేశారు. ప్రపంచ బ్యాంకు కంట్రీ ఒపీనియన్ సర్వేలు కూడా అలాంటివాళ్లతోనే చేస్తారు, అది తప్పేం కాదు. కానీ వాళ్లని వేరే అధ్యాయంలో పెట్టు. జనం ప్రాధాన్యాలూ వీళ్ల ప్రాధాన్యాలూ ఎక్కడ విడిపోయాయో చూపిస్తే నీ నివేదికని జనం తెరిచి చదువుతారు.

ముందు కొద్దిమందితో చేసే పైలట్ సర్వే పూర్తయ్యాక ముందే టేబుల్స్ పంపకు. "తెలియదు" అన్నవాళ్లు ఏ ప్రశ్న దగ్గర ఎక్కువయ్యారు, ఏ ఇన్వెస్టిగేటర్ దగ్గర ఎక్కువయ్యారు, ఆ రెండు లెక్కలు పంపు. కార్డులు పక్కన పెట్టినప్పుడు వాళ్లన్న వాక్యాలు కూడా ఉన్నవి ఉన్నట్టుగా, దిద్దకుండా పంపు. ఊళ్ల సంఖ్య పెంచడానికి బడ్జెట్ ఒప్పుకోవడం లేదంటే 16 నుంచి 22 దాకా ఉన్న ప్రశ్నలు కొట్టేసి ఆ డబ్బు ప్రయాణాలకి పెట్టు.

నీ
బాబాయ్