పాఠకుల ప్రశ్నలు: ‘వాట్‌స్టాక్స్’ ముగింపు ఎందుకు మారింది?

ప్రశ్న: పాటల కచేరీ మీద తీసిన ‘వాట్‌స్టాక్స్’ డాక్యుమెంటరీ సినిమా రెండు కాపీలు చూశాను. చివర గాయకుడు ఐజాక్ హేస్ ఒకదాంట్లో ‘షాఫ్ట్’ పాట పాడితే, రెండోదాంట్లో ఇంకేదో పాడుతున్నారు. అసలుది ఏది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 1972 ఆగస్టు 20న లాస్ ఏంజెలిస్ కొలీజియం స్టేడియంలో లక్షమందికి పైగా జనం ఎదుట పాడింది ‘షాఫ్ట్’. అది ‘షాఫ్ట్’ అనే సినిమాలోని పాట, దాన్ని వేరే సినిమాలో వాడుకునే హక్కులు అప్పట్లో ఎం.జి.ఎం. స్టూడియోవి. వాళ్లు అడ్డం తిరగడంతో 1973లో ఆ భాగం కోసేసి, సెట్టు మీద ‘రోలింగ్ డౌన్ ఎ మౌంటెన్‌సైడ్’ తీసి అతికించారు. పాతది తిరిగి చేరింది 2003 పునరుద్ధరణలో. కొంటే అదే కొనండి. నల్లవారి హక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ పరిచయం చేయగానే పైవస్త్రం తొలగి హేస్ ఒంటిమీద బంగారు గొలుసుల చొక్కా బయటపడే చోటు లేకపోతే సాయంత్రమంతా కూర్చున్న ఫలం దక్కనట్టే.

ప్రశ్న: మా ఫిల్మ్ క్లబ్బులో అరగంటే టైముంది. కబుర్లు తీసేసి పాటలే వేయొచ్చా?
– వరంగల్ నుంచి

జవాబు: వద్దు. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో నల్లవారుండే వాట్స్ పేటలో 34 మంది చనిపోయిన అల్లర్లకు ఏడేళ్లయిన సందర్భంగా, డాలరు టికెట్టుతో స్టాక్స్ రికార్డు కంపెనీ పెట్టిన కచేరీ అది. ఆ పేటవాళ్లు జీతాలు, పోలీసులు, ప్రేమల గురించి మాట్లాడుకోవడం పోతే మిగిలేది మామూలు పాటల క్యాసెట్టు. పైగా అన్నీ స్టేడియంలో తీసినవి కావు: ఎమోషన్స్ బృందం చర్చిలో, జానీ టేలర్ క్లబ్బులో పాడారు.

అరగంటే అయితే గాయకుడు రూఫస్ థామస్ భాగం, దాని ముందూ వెనకా ఉన్న సంభాషణలు వేయండి. ఆయన గులాబీ రంగు నిక్కరులో ‘ఫంకీ చికెన్’ అందుకోగానే జనం కంచె దూకి మైదానంలోకి వచ్చేస్తారు. ఫుట్‌బాల్ గడ్డి, తొక్కకూడదు. పోలీసుల్ని పిలవరు, మైకులోనే బుజ్జగించి, ఎగతాళి చేసి, అందర్నీ మెట్లెక్కిస్తారు. గొడుగు పట్టుకున్న ఒక్కడే మొండికేస్తాడు. ఆ రెండు నిమిషాలూ మధ్యలో ఆపకండి.

మధ్యమధ్యలో వచ్చే హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ మాటల్లో బూతులు దండిగా ఉంటాయి, పిల్లలుంటే ముందే చెప్పండి. డీవీడీ కొన్నంత మాత్రాన నలుగురికీ చూపే హక్కు రాదు, అనుమతి వేరుగా తీసుకోవాలి.