చెరువు చేపకు ఆర్‌ఎన్‌ఏ మందు దొరుకుతుందా?

ప్రశ్న: గజపతి జిల్లాలో మాకున్న చెరువులో బొచ్చె, శీలావతి పెంచుతున్నాము. కొన్నింటికి పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుని, రెక్కల మొదట్లో ఎర్రమచ్చలు వచ్చాయి. మేతలో యాంటీబయాటిక్ కలిపినా గుణం కనిపించలేదు. బదులుగా ఆర్‌ఎన్‌ఏ మందులు వచ్చాయంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: చెరువు చేపల బ్యాక్టీరియా జబ్బులకు అటువంటి మందు ఇంకా బజారులోకి రాలేదు కనుక, ఆ పేరుతో ఎవరైనా పొట్లం అమ్మజూపితే కొనకండి.

ఆలోచన మాత్రం గట్టిదే. బ్యాక్టీరియా తన జన్యువులోని సమాచారాన్ని ముందు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా రాసుకుని, దాని ప్రకారం ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. ఆ ఆర్‌ఎన్‌ఏకు సరిగ్గా అతుక్కునే పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కను బ్యాక్టీరియా లోపలికి పంపగలిగితే తయారీ ఆగిపోతుంది. ప్రాణాధారమైన జన్యువును ఎంచుకుంటే బ్యాక్టీరియా చస్తుంది, మేలుచేసే ఇతర సూక్ష్మజీవులను చాలావరకు తాకకుండా వదిలేయవచ్చు. చిక్కంతా ఆ 'లోపలికి' దగ్గరే ఉంది. రొయ్యల తెల్లమచ్చ వైరస్ మీద జంటపోగు (రెండు పోగులు జతగా ఉండే) ఆర్‌ఎన్‌ఏ ప్రయోగాలు ఫలించాయంటే, అందుకు తోడ్పడే యంత్రాంగం రొయ్య కణంలోనే ఉండబట్టి. బ్యాక్టీరియాకు ఆ యంత్రాంగం లేదు కనుక ముక్క నేరుగా దానిలోకే చొరబడాలి. మీరు చెప్పిన లక్షణాలకు తరచుగా కారణమయ్యే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియాకు బయటి పొర కూడా అడ్డు. ఆపైన మామూలు ఆర్‌ఎన్‌ఏ చెరువు నీటిలోనూ, చేప పేగులోనూ ఎంజైముల బారినపడి త్వరగా ముక్కలైపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు రసాయనికంగా మార్చిన ముక్కలకు, పొరను దాటించే పెప్టైడ్లను (చిన్న ప్రొటీన్ ముక్కలను) జతచేసి ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు. చెరువంతటికీ సరిపడా వాటిని తయారుచేయడం ఇప్పటికి రైతు భరించగల ఖర్చు కాదు.

యాంటీబయాటిక్ పనిచేయకపోవడానికి బ్యాక్టీరియా దానికి అలవాటుపడి ఉండవచ్చు, అసలు జబ్బే వేరు కావచ్చు. జబ్బుపడిన చేప మేత ముట్టదు కనుక మీరు కలిపిన మందు ఆరోగ్యంగా ఉన్నవాటికే అందిందేమో కూడా చూడాలి. మందు మార్చి మార్చి వేయడం మానండి; క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే మందుల జోలికి అసలే పోవద్దు, చేపల పెంపకంలో అవి నిషిద్ధం. ప్రస్తుతానికి మేత తగ్గించి, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో గమనించి, అవసరమైతే కొత్త నీరు పెట్టండి. చచ్చిన చేపతో పరీక్షకు పెద్దగా ఉపయోగం ఉండదు. జబ్బుపడి ఇంకా ప్రాణంతో ఉన్న రెండుమూడు చేపలను ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలోనూ, చెరువు నీటిని వేరే సీసాలోనూ పట్టుకుని జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థకు పంపే వీలును అక్కడే అడగండి. ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో పరీక్షలో తేలాకే కొనండి.