ఒకవైపే సైనస్, అదే వైపు రూట్ కెనాల్ చేసిన పన్ను ఉంటే

ఎడమ ముక్కులోంచే చీము, దుర్వాసన వస్తోందని, యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతోందని, అదే వైపు పై దవడ పన్నుకు ఎప్పుడో రూట్ కెనాల్ అయిందని రాశారు. ఫంగస్ అయితే మాత్రలతో పోతుందా అని అడిగారు. మా అమ్మకు అచ్చం ఇలాగే అయింది.

జలుబు, ఎలర్జీల వల్ల వచ్చే సైనస్ ఎక్కువగా రెండు వైపులా ఉంటుంది. ఒకే వైపు పట్టుకుని వదలకపోతే పన్నును అనుమానించాల్సిందే. పై దవడ పళ్ల వేర్లు సైనస్ (బుగ్గ ఎముక లోపలి గాలి గది) అడుగుకు ఆనుకునే ఉంటాయి. రూట్ కెనాల్‌లో నింపిన పదార్థం వేరు కొస దాటి సైనస్‌లోకి వెళ్తే, అందులోని జింక్ ఆక్సైడ్ ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ పెరగడానికి తోడ్పడుతుందంటారు.

అమ్మ పంటి ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. ఈఎన్‌టీ డాక్టరు సీటీ పీఎన్ఎస్ (ముక్కు చుట్టూ ఉండే సైనస్‌ల సీటీ స్కాన్) రాశారు. ఫిల్మ్‌లో కుడి సైనస్ గాలితో నల్లగా ఉంది. ఎడమది బూడిద రంగులో నిండిపోయి, మధ్యలో సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలున్నాయి. వాటిని చూశాకే ఆ డాక్టరు ఇది ఫంగల్ బాల్ (సైనస్‌లో ముద్దగా పేరుకున్న ఫంగస్) కావచ్చన్నారు. ముక్కులోంచే ఎండోస్కోపీతో తీశారు, ముఖం మీద కోత లేదు. బయటికొచ్చింది గోధుమ రంగు ముద్ద, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఫంగస్ కణజాలంలోకి చొరబడలేదని బయాప్సీలో తేలాకే అది ఫంగల్ బాలేనని ఖాయమైంది. ఈ రకానికి మాత్రలు పనిచేయవు, ముద్దను పూర్తిగా తీసేయడమే వైద్యం. అమ్మకు యాంటీఫంగల్ మందులే రాయలేదు, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నారంతే. ఆ పన్నును మాత్రం వదల్లేదు, డెంటిస్ట్ పీకేశారు. కొందరికి మళ్లీ రూట్ కెనాల్ చేస్తే సరిపోతుంది.

మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. షుగర్ అదుపులో లేకపోయినా, స్టెరాయిడ్లు వాడుతున్నా సంగతి వేరు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో చూసిన బ్లాక్ ఫంగస్ అలాంటివాళ్లకే ఎక్కువగా వచ్చింది. బుగ్గ మొద్దుబారడం, కన్ను వాయడం, ఒకటి రెండుగా కనిపించడం, అంగిట్లోనో ముక్కులోనో నల్లటి మచ్చ, ఉన్నట్టుండి పళ్లు కదలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకండి. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. బ్లాక్ ఫంగస్‌కు ఆపరేషన్‌తో పాటు యాంఫోటెరిసిన్ అనే యాంటీఫంగల్ ఇంజెక్షన్లు కూడా కావాలి, గంటలు కూడా లెక్కే.

అవేవీ లేకపోతే ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. పాత పంటి ఎక్స్‌రే, రూట్ కెనాల్ చీటీ వెంట తీసుకెళ్లండి. సీటీ తీస్తే పై పళ్ల వేర్లు కూడా అందులో పడేలా తీయమనండి, ఆ ఫిల్మ్‌నే డెంటిస్ట్‌కూ చూపించండి.