షుగరు, థైరాయిడ్ మాత్రలు రాయడానికి మళ్లీ మూడేళ్లు చదవాలా?

కర్నూలులో ఎండీ జనరల్ మెడిసిన్ రెండో ఏడు చదువుతున్నానని రాశారు. ఇంట్లో అందరూ కార్డియాలజీ అంటున్నారు, మీ మనసేమో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ మీద ఉంది. కానీ ఒక సందేహం వదలడం లేదన్నారు. షుగరుకూ థైరాయిడ్‌కూ మందులు ఇప్పుడే రాస్తున్నాం కదా, దానికి మరో మూడేళ్లు ఎందుకు? చదివి మన జిల్లాలకే తిరిగి వస్తే చేతినిండా పని ఉంటుందా? నేను ఆ మూడేళ్లు వేరే రాష్ట్రంలో చదివి కర్నూలుకు తిరిగి వచ్చాను. పదకొండేళ్లుగా ఇక్కడే రోగులను చూస్తున్నాను. నా మాటల్లో మీకు పనికొచ్చేది ఉంటుందనే నమ్మకంతో రాస్తున్నాను.

నేను ఎండీ చదువుతున్న రోజుల్లో ఆదోని అవతలి పల్లె నుంచి ఒకామెను మా వార్డుకు తీసుకొచ్చారు. వయసు ముప్పై రెండు, చూపులకు యాభై. ఒళ్లు పాలిపోయి ఉంది. కనుబొమల చివరలు రాలిపోయాయి, నోటి చుట్టూ సన్నని ముడతలు పడ్డాయి. వాంతులు, నీరసం, మాట తడబాటు. రక్తంలో సోడియం బాగా తక్కువ, 114. సెలైన్ ఎక్కించాం, కాస్త తేరుకుంది, ఇంటికి పంపాం. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ సెలైన్, మళ్లీ ఇంటికి. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది కాబట్టి కేసు షీటులో ‘థైరాయిడ్ నార్మల్’ అని రాసింది నేనే.

ఆమె మూడోసారి చేరినప్పుడు ఒక పెద్ద ఎండోక్రైనాలజిస్టు వేరే పని మీద మా విభాగానికి వచ్చి, ఆ మంచం దగ్గర ఆగారు. కేసు షీటు తెరవలేదు. ఆమె ముఖం, అరచేతులు, చంకలు చూశారు. పక్కనే కూర్చున్న అత్తగారిని అడిగారు. “అమ్మా, కాన్పులో ఈమెకు రక్తం బాగా పోయిందా? తర్వాత పాలు పడ్డాయా?”

“రెండు చీరలు తడిసిపోయాయి సార్. పాలు ఒక్క చుక్క కూడా రాలేదు. మేకపాలు పట్టి పెంచుకున్నాం” అన్నది అత్తగారు. ఆ మేకపాలు తాగి పెరిగిన పిల్లకు అప్పటికి తొమ్మిదేళ్లు, మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. కాన్పు తర్వాత నెలసరి మళ్లీ రానేలేదట. ఆ తొమ్మిదేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అది షీహన్ సిండ్రోమ్. 1937లో బ్రిటన్ వైద్యుడు హెరాల్డ్ షీహన్ దీన్ని వివరించాడు. గర్భంతో ఉన్నప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పెద్దదవుతుంది గానీ, దానికి అందే రక్తం ఆ మేరకు పెరగదు. కాన్పులో రక్తం ఎక్కువగా పోయి బీపీ పడిపోతే, ముందుగా దెబ్బతినే వాటిలో ఆ గ్రంథి ఒకటి. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ లేదు కాబట్టి పాలు లేవు. అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ ఇచ్చే ఏసీటీహెచ్ లేదు కాబట్టి, బీపీనీ సోడియంనూ నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోన్ లేదు. ఇక టీఎస్‌హెచ్ తయారయ్యేదే పిట్యూటరీలో. ఆ గ్రంథే చచ్చిపోయినప్పుడు, అది పంపే అంకెను చూసి థైరాయిడ్ బాగుందని ఎలా అంటాం? థైరాయిడ్ హార్మోన్‌నే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష చేయించి ఉంటే మొదటిసారే తెలిసేది.

కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టిన మర్నాడు సాయంత్రం ఆమె లేచి కూర్చుని ఉగ్గాని తెచ్చిపెట్టమని అడిగింది. థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ ఆ తర్వాత, కొన్ని రోజులు ఆగి మొదలుపెట్టారు. ఈ వరుస తప్పకూడదు. కార్టిసాల్ చాలని మనిషికి ముందుగా థైరాక్సిన్ ఇస్తే ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి, మిగిలిన ఆ కాస్త కార్టిసాల్ కూడా ఖర్చయిపోతుంది. రోగి కుప్పకూలిపోతుంది. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బరం చూసి థైరాయిడ్ మాత్ర రాయడం ఎవరైనా చేస్తారు. ఏ మాత్ర ముందో, ఏది తర్వాతో తెలియడానికి, కార్టిసాల్ లోపం అనే ఆ రెండో జబ్బు ఉందేమోనని అనుమానం రావడానికి ఆ మూడేళ్లు కావాలి. మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇదే. ఈ చదువు మాత్రలు రాయడం నేర్పడానికి కాదు, ఎవరూ అడగని ప్రశ్న అడగడం నేర్పడానికి.

చదువు లెక్కలు మీకు తెలిసినవే. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడు, ఎండీ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ చదువైన డీఎం లేదా డీఆర్‌ఎన్‌బీ మరో మూడేళ్లు. ప్రవేశం నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష ద్వారా. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, జిప్మర్ లాంటి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలకు ఐఎన్‌ఐ పేరుతో వేరే పరీక్ష ఉంది. దగ్గర్లో అంటే తిరుపతి స్విమ్స్, విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల, హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఉన్నాయి. నీట్‌లో ప్రశ్నలు ప్రధానంగా మీ జనరల్ మెడిసిన్ నుంచే వస్తాయి కాబట్టి, ఇప్పుడు వార్డు పని శ్రద్ధగా చేయడమే సగం తయారీ.

లోపలికి వెళ్లాక చదువు తీరే వేరు. కార్డియాలజీలో మొదటి ఏడాదిలోనే గుండె రక్తనాళాలకు చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్ చూస్తారు. ఎండోక్రైన్‌లో మొదటి నెలలో మీ చేతికి ఇచ్చేది ఒక పూసల దండ. ఒక మిల్లీలీటరు నుంచి ఇరవై ఐదు మిల్లీలీటర్ల దాకా పన్నెండు పూసలు. ఆర్కిడోమీటరు అంటారు. పదిహేనేళ్ల అబ్బాయికి మీసం రాలేదని తల్లిదండ్రులు తీసుకొస్తే, ఒక చేత్తో ఆ దండ పట్టుకుని రెండో చేత్తో వృషణం పరిమాణం పోల్చి చూడాలి. నాలుగు మిల్లీలీటర్ల పూస దాటిందంటే ఒంట్లో యవ్వనం మొదలైనట్టే. అది దాటలేదంటే ఆలోచించాల్సింది చాలా ఉంది. ఆ పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోతుంటాడు. తండ్రిని బయటికి పంపాలా, ఉంచాలా, ఏ మాటతో మొదలుపెట్టాలి అనేది కూడా ఆ పరీక్షలో భాగమే.

ఇక రాత్రులు, తెల్లవారుజాములు. పిట్యూటరీ పనితీరు చూడటానికి ఇన్సులిన్ టాలరెన్స్ పరీక్ష ఉంటుంది. తెలిసి తెలిసి రోగి చక్కెరను 40 దగ్గరికి దించుతాం. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) సిరంజిలో నింపుకుని మంచం పక్కనే కూర్చోవాలి. నుదుటి మీద మొదటి చెమట బొట్టు ఎప్పుడు పట్టింది, చేతి వణుకు ఎప్పుడు మొదలైంది, మాట ఎప్పుడు నెమ్మదించింది అని రాసుకుంటూ, వేళకు రక్తం తీస్తూ ఉండాలి. ఫోను వచ్చినా లేవకూడదు. ఆ గంటన్నరలో చక్కెర పడిపోవడం అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. అతిమూత్రానికి నీళ్లు ఆపే పరీక్ష చేస్తే గంట గంటకూ బరువు తూచాలి. దాహంతో ఉన్న మనిషి ఎవరూ చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్తాడేమోనని గుమ్మం దగ్గర కాపలా ఉండాలి, అతని మీద జాలీ పడాలి. దేన్నీ నర్సుకు వదిలేసి వెళ్లకండి. నేర్చుకునేది అక్కడే.

ఇప్పుడు ఆ మూడేళ్లలో నాకు ఎవరూ నేర్పనిది చెబుతాను, ఎందుకంటే మీరు తిరిగి వచ్చేది ఇక్కడికే.

కోసిగి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఇన్సులిన్ డోసు పెంచుతూ పోయాను, చక్కెర మాత్రం 400 దగ్గరే ఉంది. తప్పక ఆహారమే అనుకుని ఆయనను రెండుసార్లు గట్టిగా మందలించాను కూడా. ఒకరోజు ఇంటి దగ్గర వాడే సీసా, సిరంజి తెమ్మని, నా ఎదురుగా మందు తీయించాను. సీసా 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. ఆయన చేతిలో ఉన్నది 100 యూనిట్ల నారింజ మూత సిరంజి. దాని మీద ఇరవై గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది ఎనిమిది యూనిట్లే. దుకాణంలో ఏది ఇస్తే అది తీసుకున్నారు, ఆయన తప్పేముంది? ఇదే తప్పు తిరగబడి, 100 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి వాడితే ఇరవైకి బదులు యాభై పోతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. ఆనాటి నుంచి ఇన్సులిన్ రాసిన ప్రతి మనిషితోనూ నా ముందే ఒకసారి మందు తీయిస్తాను. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది, బయట వరుస పెరుగుతుంది. అయినా మానలేదు.

ఆ మండలాల నుంచి పత్తి పనులు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్తాయి. గుడారంలో ఫ్రిజ్ ఉండదు. మే నెలలో మన ఎండ సంగతి మీకు చెప్పాలా? సీసాను తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి, మట్టికుండలో ఉంచి, కుండ చుట్టూ తడి గుడ్డ కట్టి నీడలో పెట్టమని చెబుతాను. వెళ్లే ముందు ఎన్ని సీసాలు కావాలో లెక్క కట్టి ఇస్తాను. పుస్తకంలో రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు అని ఉంటుంది గానీ, వాడుతున్న సీసా ఎక్కువ వేడి తగలకుండా ఉంటే నాలుగు వారాలు పనిచేస్తుంది. ఇది చెప్పకపోతే ఫ్రిజ్ లేదని ఇన్సులినే మానేస్తారు. మానేసినవాళ్లను చూశాను.

రంజాన్ నెల ముందు మా క్లినిక్‌లో రద్దీ ఎక్కువ. చక్కెర తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవారికి పొద్దుటి డోసును ఇఫ్తార్‌కు మార్చాలి, ఇన్సులిన్ తగ్గించాలి. చక్కెర 70 కంటే పడినా, 300 దాటినా ఆ రోజు రోజా (ఉపవాసం) విరమించాలని ముందే మాట తీసుకోవాలి. వేలి నుంచి రక్తం తీస్తే రోజా భంగమవుతుందని చాలామంది పరీక్ష చేసుకోరు. కాదని నేను చెప్తే నమ్మకం కుదరలేదు. మసీదు పెద్దలే చెప్పాక కుదిరింది.

తిండి విషయానికి వస్తే, నేను చదివిన చోట ఇచ్చే ఆహార పట్టికలో పుల్కాలు, పనీరు ఉండేవి. ఇక్కడ సంగటి తినే మనిషికి ఆ కాగితం ఎందుకు? ‘రాగి సంగటి షుగరుకు మంచిది’ అని అందరూ నమ్ముతారు. అందులో బియ్యం ఎంత పడుతోంది, ముద్ద ఎంత పెద్దది అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. చేత్తో ముద్ద చేసి చూపించమంటాను. దాంట్లో సగం తిని, ఆ సగం జాగాలో ఆకుకూర పప్పు పెంచమంటాను. జొన్నరొట్టెలకైతే లెక్క చెప్పడం తేలిక.

పని ఉంటుందా అన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. అది పక్కన పెట్టినా, కీళ్లనొప్పులకని ఎవరో ఇచ్చిన పొట్లాల పొడి నెలల తరబడి వాడి, ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలతో వచ్చేవారు నా దగ్గర వారానికి ఒకరైనా ఉంటారు. ఆ పొడిలో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి, ఒక్కసారిగా మాన్పించకూడదు. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయిన మనుషుల ఎముకల సంగతి చూడాల్సిందీ మనమే. పుట్టిన బిడ్డకు థైరాయిడ్ లేదని మొదటి రెండు వారాల్లో పట్టుకుని మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా బడికి పోతుంది. ఆలస్యమైతే తెలివి తిరిగి రాదు. మూడేళ్లు నిండాక నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూస్తే ఇప్పటికీ ఆ రాత్రి నిద్ర పట్టదు.

డబ్బు గురించి ఇంట్లో అడుగుతారు కాబట్టి దాచకుండా చెబుతాను. మొదటి కొన్నేళ్లు కార్డియాలజిస్టు సంపాదనతో పోల్చుకోకండి. మనకు స్టెంటు లేదు, మాటే ఉంది. ఒక్కో రోగికి అరగంట పట్టినా ఫీజు అదే. కానీ మనల్ని నమ్మిన కుటుంబం తరం మారినా వదలదు. ఆ షీహన్ రోగి ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ మాత్ర రెట్టింపు చేయాలన్న కాగితం ఆమె రవికలోని చిన్న పర్సులో మడతలు పడి ఉంటుంది. మూడుసార్లు కొత్త కాగితం రాసిచ్చాను, పాతదీ పారేయలేదు.

ఓపికగా వినడం మీకు ఇష్టమైతే రండి. ఖాళీగా కూర్చుంటే చేతులు ఊరుకోవు అనిపించే మనస్తత్వమైతే కార్డియాలజీకే వెళ్లండి, అదీ మంచి విద్యే. తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఈ వారం మీ వార్డులో సోడియం తక్కువై చేరినవాళ్లు ఇద్దరైనా ఉంటారు. సెలైన్ రాసి ముందుకు పోకుండా, ఉదయం ఎనిమిదికి కార్టిసాల్, దాంతోపాటు ఫ్రీ టీ4 పంపండి. చిగుళ్లూ అరచేతి గీతలూ నల్లబడ్డాయేమో చూడండి, అడ్రినల్ గ్రంథులే దెబ్బతిన్న గుర్తు అది. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా, నొప్పుల పొడి ఏమైనా వాడి మానేశారా అని అడగండి. ఆడమనిషైతే ఆఖరి కాన్పు ఎలా జరిగిందో, పాలు పడ్డాయో లేదో అడగండి. పక్కన అత్తగారో తల్లో ఉన్నప్పుడు అడగండి, వాళ్లకు గుర్తుంటుంది.